మనుషులు, భూమి, కంప్యూటర్ మోడళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

భూతాపం, జనాభా, అడవుల నరికివేత లాంటి వాటి మీద చర్చ మొదలైతే చాలు, ఎవరో ఒకరు "అదంతా కంప్యూటర్ మోడల్ చెప్పిన లెక్కలే కదా" అంటారు. కొందరు అది వేదవాక్కు అన్నట్టు అంటారు, ఇంకొందరు కొట్టిపారేయడానికి అంటారు. తమాషా ఏంటంటే రెండు రకాలవాళ్లూ అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు ఒకటే. అలా మళ్లీ మళ్లీ ఎదురైనవాటికి జవాబులు ఒకచోట పెడుతున్నాను.

అసలు మోడల్ అంటే ఏంటి?

లెక్కల కట్ట. అంతకు మించి గొప్పగా ఊహించుకోకండి. ఒక నీళ్ల ట్యాంకు అనుకోండి. పైన కుళాయి నుంచి నీళ్లు పడుతున్నాయి, కింద తూము నుంచి పోతున్నాయి. ఇప్పుడు ఎన్ని నీళ్లున్నాయో, నిమిషానికి ఎన్ని వస్తున్నాయో, ఎన్ని పోతున్నాయో తెలిస్తే గంట తర్వాత మట్టం ఎంతుంటుందో చెప్పొచ్చు. ఇదే ఒక మోడల్. భూమి మోడల్‌లో ఇలాంటి ట్యాంకులు చాలా ఉంటాయి: గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఒకటి, సముద్రంలో దాగిన వేడి ఒకటి, అడవుల విస్తీర్ణం, జనాభా, ఫ్యాక్టరీలు, భూమిలో మిగిలిన బొగ్గు. ఒక ట్యాంకు మట్టం ఇంకో ట్యాంకు కుళాయిని తిప్పుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది, అందుకే కంప్యూటర్ కావాలి.

ఈ ట్యాంకు విషయం సరిగ్గా పట్టుబడకపోతే మిగతావేవీ అర్థం కావు, కాబట్టి ఇంకో మాట. 2020లో కోవిడ్ వల్ల విమానాలు ఆగాయి, రోడ్లు ఖాళీ అయ్యాయి, ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు సుమారు 5 శాతం తగ్గాయి. అయినా గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఆ ఏడాదీ పెరిగింది. చాలామంది ఆశ్చర్యపోయారు, "ఇంత ఆపినా తగ్గలేదంటే మన వల్ల కాదన్నమాట" అని కూడా కొందరు తేల్చేశారు. కుళాయిని కొద్దిగా కట్టేస్తే ట్యాంకు ఖాళీ అవదు కదా, కాస్త నెమ్మదిగా నిండుతుంది, అంతే.

టీవీలో వాన గురించి చెప్పే మోడలూ ఇదీ ఒకటేనా?

కాదు. కనీసం మూడు రకాలున్నాయి, వార్తల్లో మూడింటినీ కలిపేస్తుంటారు. రేపటి వాన చెప్పేది ఒకటి. వందేళ్ల శీతోష్ణస్థితిని భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్కకట్టేది రెండోది. మనుషులు ఏం తయారుచేస్తారు, ఏం కాలుస్తారు, ఎంత నేల దున్నుతారు, దానివల్ల భూమికి ఏమవుతుంది, అది తిరిగి మనుషుల మీద ఎలా పడుతుంది అని గొలుసులా చూసేది మూడోది. ఈ మూడోదాన్ని ఇంటిగ్రేటెడ్ అసెస్‌మెంట్ మోడల్ అంటారు, తెలుగులో సమీకృత అంచనా నమూనా అనుకోవచ్చు. ఈ పేజీలో ఎక్కువ మాటలు దాని గురించే, ఎందుకంటే గొడవలూ ఎక్కువ దాని మీదే.

వచ్చే నెల వాన చెప్పలేనివాళ్లు 2100 సంగతి ఎలా చెబుతారు?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. ఒక నాణేన్ని ఎగరేస్తే బొమ్మ పడుతుందా బొరుసు పడుతుందా అంటే ఎవరూ చెప్పలేరు. వెయ్యిసార్లు ఎగరేస్తే బొమ్మ ఎన్నిసార్లు పడుతుందంటే "సుమారు 500" అని ఎవరైనా చెబుతారు. రోజువారీ వాతావరణం మొదటి రకం ప్రశ్న, శీతోష్ణస్థితి రెండో రకం. 1960ల మొదట్లో అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన చిన్న మోడల్‌లో దశాంశ స్థానాలు కొన్ని తగ్గించి అంకె వేస్తే ఫలితం పూర్తిగా వేరే దారి పట్టిందని గమనించాడు. రెండు వారాలు దాటాక ఫలానా రోజు వాతావరణం ఎందుకు చెప్పలేమో అక్కడి నుంచే అర్థమైంది. కానీ భూమికి వచ్చే వేడి, పోయే వేడి మధ్య తేడా పెరిగితే సగటు ఎటు కదులుతుందో చెప్పడానికి ఫలానా రోజు సంగతి తెలియనక్కర్లేదు.

అయితే ఒక మెలిక ఉంది. 2100 ఎలా ఉంటుందన్నది వేడి లెక్క మీదే కాదు, మనుషులు ఈలోపు ఏం చేస్తారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. నాణేనికి సొంత ఇష్టాలు లేవు, మనకున్నాయి. అందుకే ఈ మోడళ్లు "ఇలా జరుగుతుంది" అని చెప్పవు, "మీరు ఇలా చేస్తే ఇలా జరుగుతుంది" అంటాయి. వార్తగా మారేసరికి ఆ "చేస్తే" కాస్తా ఎగిరిపోతుంది. సగం తగాదాలు దాని వల్లే అని నా అభిప్రాయం.

ఇవన్నీ ఎప్పుడు మొదలయ్యాయి?

కంప్యూటర్ కంటే ముందే. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ కాగితం మీద లెక్కలు వేసి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపు అయితే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందన్నాడు. కొంచెం ఎక్కువ చెప్పాడు, కానీ చేత్తో వేసిన లెక్కకి అది ఎంత దగ్గరో చూడండి. 1922లో లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆయన గాలి సమీకరణాలతో వాతావరణం చెప్పే పద్ధతి రాశాడు. ఆయన ప్రయత్నించిన ఒకే ఒక్క సూచన ఘోరంగా తప్పింది, ఆరు గంటల్లో గాలి పీడనం 145 హెక్టోపాస్కల్స్ పెరుగుతుందని వచ్చింది! నిజానికి ఆ రోజు పీడనంలో పెద్ద మార్పే లేదు. పద్ధతి మాత్రం సరైనదేనని తర్వాత తేలింది. 1967లో స్యుకురో మనాబే, రిచర్డ్ వెథరాల్డ్ కంప్యూటర్ మీద చేసిన లెక్కలో రెట్టింపుకి 2.3 డిగ్రీలు వచ్చింది. మనాబేకి 2021లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది, అంటే 54 ఏళ్లు ఆగాల్సివచ్చింది.

మనుషుల్ని కూడా లెక్కలోకి లాగింది మాత్రం ఎమ్‌ఐటీకి చెందిన జే ఫారెస్టర్. ఆయన వాతావరణ శాస్త్రవేత్త కాదు, కంట్రోల్ ఇంజినీరింగ్ మనిషి, ఫ్యాక్టరీల్లో సరుకు నిల్వలు ఎందుకు పెరిగి తగ్గి ఊగుతుంటాయో చూసినవాడు. 1970లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో, ప్రపంచ సమస్యల మీద చర్చించే క్లబ్ ఆఫ్ రోమ్ అనే మేధావుల బృందం సమావేశానికి వెళ్లి, తిరుగు విమానంలో ప్రపంచం మొత్తానికి ఒక మోడల్ గీసుకున్నాడు. దాని పేరే వరల్డ్1. తర్వాత వరల్డ్2, ఆపైన ఆయన శిష్యులు డెనిస్ మెడోస్, డోనెల్లా మెడోస్ బృందం చేసిన వరల్డ్3. దాని ఫలితాలే 1972లో "ది లిమిట్స్ టు గ్రోత్" అనే పుస్తకంగా వచ్చాయి.

ఆ 1972 మోడల్ ప్రపంచం అంతమైపోతుందని చెప్పి తప్పిందట కదా?

చెప్పలేదు. "2000 కల్లా చమురు, రాగి అయిపోతాయని అన్నారు, అవలేదు" అని ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. వరల్డ్3 1900 నుంచి 2100 దాకా నడుస్తుంది. అందులో జనాభా, పరిశ్రమ, వ్యవసాయం, తరిగే ఖనిజాలు, కాలుష్యం అని ఐదు ముక్కలున్నాయి. ఏదీ మార్చకుండా నడిపితే 21వ శతాబ్దంలో తలసరి పరిశ్రమ ఉత్పత్తి ఒక శిఖరానికి చేరి పడిపోవడం మొదలవుతుంది. ఖనిజాలు రెట్టింపు ఉన్నాయనుకుని నడిపితే ఈసారి కాలుష్యం దెబ్బతీస్తుంది. జనాభా, పెట్టుబడి రెండూ స్థిరపడితే పడిపోవడం ఉండదు. ఇలా ఎన్నో రకాలుగా నడిపారు, అందులో ఒకదాన్ని పట్టుకుని జోస్యం చేసేశారు.

అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. ప్రపంచం మొత్తాన్ని ఒకే ఊరిలా చూసింది, ధనిక దేశం పేద దేశం తేడా లేదు. ధరలు అందులో లేవు, అంటే రాగి అరుదైతే ధర పెరిగి జనం వేరే లోహం వెతుక్కుంటారన్న సంగతి సూటిగా లేదు. ఆర్థికవేత్త విలియం నార్డ్‌హాస్ 1973లోనే ఫారెస్టర్ మోడల్‌కి లెక్కల ఆధారం లేదని గట్టిగా విమర్శించాడు. నాకు బాగా నచ్చిన జవాబు మాత్రం అర్జెంటీనా నుంచి వచ్చింది. బారిలోచే ఫౌండేషన్ వాళ్లు 1970ల మధ్యలో తమ సొంత ప్రపంచ మోడల్ కట్టారు. వాళ్ల వాదన ఏంటంటే, మీరు భవిష్యత్తులో వస్తుందంటున్న కరవు మా దగ్గర చాలామందికి ఇవాళే ఉంది, కాబట్టి అడ్డు భూమిది కాదు, పంచుకునే తీరుది. అందుకని వాళ్ల మోడల్ "ఎప్పుడు కూలుతుంది" అని అడగలేదు, అందరికీ తిండి, ఇల్లు, చదువు, వైద్యం అందాలంటే ఏం కావాలని అడిగింది. ఏ ప్రశ్న అడగాలో కంప్యూటర్ తేల్చదు, దాన్ని కట్టినవాళ్లే తేలుస్తారు. దీనికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

లోపల ఏముంటుందో కాస్త విప్పి చెప్తారా?

మొదటి మెట్టు కయా సమీకరణం. జపాన్ శాస్త్రవేత్త యోయిచి కయా పేరు మీద వచ్చింది. ఉద్గారాలు అంటే జనాభా, తలసరి ఆదాయం, ఒక రూపాయి ఉత్పత్తికి ఖర్చయ్యే శక్తి, ఒక యూనిట్ శక్తికి వెలువడే కార్బన్, ఈ నాలుగింటి గుణకారం. రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది. కానీ ఈ నాలుగింటిలో ఏది ఎంత మారుతుందో చెప్పడానికే పెద్ద పెద్ద సంస్థలు ఏళ్ల తరబడి పనిచేస్తున్నాయి.

శక్తి భాగంలో బొగ్గు, గ్యాస్, సౌర, పవన, అణు కేంద్రాలు ఒకదానితో ఒకటి ఖర్చులో పోటీపడతాయి. నేల భాగంలో పంట, పశువుల మేత, అడవి ఒకే నేల కోసం కొట్టుకుంటాయి. ఆ తర్వాత కార్బన్ చక్రం: మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో సగం కంటే కొంచెం తక్కువ గాలిలో ఉండిపోతుంది, మిగతాది సముద్రాలూ చెట్లూ నేలా పీల్చుకుంటాయి. 1958లో హవాయిలోని మౌనా లోవాలో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ 315 పీపీఎం (పది లక్షల భాగాల్లో 315) ఉండేది, ఇప్పుడు 420 దాటింది, పరిశ్రమలకు ముందు 280 దగ్గర ఉండేది. చివరగా, వేడెక్కితే పంటకీ, ఆరోగ్యానికీ, ఆస్తికీ ఎంత నష్టం అన్న భాగం. ఈ చివరిది అన్నింటికంటే బలహీనం. దాని సంగతి కింద ఉంది.

ఇలాంటి మోడళ్లలో పేరున్నవి: నెదర్లాండ్స్‌వారి ఇమేజ్, ఆస్ట్రియాలోని ఐఐఏఎస్ఏ సంస్థ మెసేజ్, అమెరికాలో పుట్టిన జీక్యామ్, జర్మనీ పాట్స్‌డామ్ నుంచి రిమైండ్, జపాన్ నుంచి ఎయిమ్. ఇవి దేశాల్ని గుంపులుగా చూస్తాయి. ఇమేజ్‌లో 26 ప్రాంతాలు, జీక్యామ్ శక్తి భాగంలో 32. అంటే మీ ఊరి సంగతి ఇందులో వెతక్కండి.

మనుషుల బుద్ధిని సమీకరణంలో ఎలా పెడతారు?

నిజం చెప్పాలంటే, పెట్టలేరు. చాలా మోడళ్లలో మనిషి అంటే ఖర్చు తక్కువైన దారి ఎంచుకునే ఒక యంత్రం. యుద్ధం, ఎన్నికలు, మూఢనమ్మకం, పంతం, ఒక్కసారిగా వచ్చే ఫ్యాషన్, ఇవేవీ ఉండవు. కొందరు ఏజెంట్ ఆధారిత మోడళ్లు కడుతున్నారు. వాటిలో వేలాది చిన్న "మనుషులు" ఉంటారు, పక్కింటివాడు సోలార్ పెట్టించుకుంటే తానూ పెట్టించుకునే రకం. చిన్న ప్రాంతాలకి బాగా పనిచేస్తాయి, ప్రపంచమంతటికీ కట్టడం కష్టం.

దీనికి ఇంకో ఉపాయం కథలు రాసుకోవడం. నిజంగానే కథలు. అవే ఎస్‌ఎస్‌పీలు.

ఎస్‌ఎస్‌పీ, ఆర్‌సీపీ అని ఎక్కడ చూసినా కనిపిస్తాయి, ఏంటవి?

ఆర్‌సీపీ అంటే శతాబ్దం చివరికి భూమికి అదనంగా ఎంత శక్తి చేరుతుందన్న కొలత. ఆర్‌సీపీ 8.5 అంటే చదరపు మీటరుకి 8.5 వాట్లు. అందులో మనుషుల కథ ఉండదు. ఎస్‌ఎస్‌పీలు ఆ కథ చెబుతాయి, మొత్తం ఐదు. మొదటిదాంట్లో ప్రపంచం సర్దుకుని పొదుపుగా బతుకుతుంది. రెండోది ఇప్పుడున్నట్టే ఈడ్చుకుంటూ పోవడం. మూడోదాంట్లో దేశాలు ఎవరి తలుపులు వాళ్లు మూసుకుంటాయి. నాలుగోదాంట్లో ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య అగాధం. ఐదోదాంట్లో బొగ్గూ చమురూ మండించి అందరూ ధనవంతులవుతారు. 2100 నాటికి జనాభా మొదటి కథలో సుమారు 700 కోట్లు, మూడో కథలో సుమారు 1,260 కోట్లు. తేడా చూశారుగా. ఇది ఫిజిక్స్‌లో అనిశ్చితి కాదు, ఆడపిల్లల చదువు, వైద్యం, వలసలు ఎలా ఉంటాయన్న దాన్ని బట్టి వచ్చే తేడా.

ఒక హెచ్చరిక. 8.5 దారిని (దారి అంటే ఉద్గారాలు ఇలా సాగితే అన్న ఊహ) చాలా ఏళ్లు "ఏమీ చేయకపోతే జరిగేది ఇదే" అని వాడేశారు. అది మొదటి నుంచీ పైఅంచు కోసం పెట్టుకున్నది, అందులో బొగ్గు వాడకం ఇప్పటి పోకడ కంటే చాలా ఎక్కువ. భయపెట్టే వార్త చదివినప్పుడు కింద చిన్న అక్షరాల్లో 8.5 ఉందేమో చూసుకోండి. వార్త అబద్ధమని కాదు, అది ఏ దారికి సంబంధించిందో తెలియాలి కదా.

డిస్కౌంట్ రేటు గురించి ఆర్థికవేత్తలు ఎందుకంత కొట్టుకుంటారు?

మొత్తం ఈ రంగంలో నాకు అన్నింటికంటే ఆసక్తికరంగా అనిపించే గొడవ ఇదే, కాబట్టి కాస్త ఓపికపట్టండి.

నార్డ్‌హాస్ 1990ల మొదట్లో డైస్ అనే మోడల్ కట్టాడు. చిన్నది, స్ప్రెడ్‌షీట్‌లో పట్టేస్తుంది. ఉద్గారాలు తగ్గించడానికి ఇవాళ అయ్యే ఖర్చు ఒకవైపు, రేపు తప్పే నష్టం ఒకవైపు పెట్టి తూచే తక్కెడ అది. 2018లో ఆయనకి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది కూడా. తూకంలో చిక్కు ఏంటంటే ఖర్చు ఇవాళ్టిది, నష్టం వందేళ్ల తర్వాతిది. రెండింటినీ ఒకే కాలానికి తేవడానికి ఏటా ఇంత శాతం అని తగ్గిస్తూ రావాలి, అదే డిస్కౌంట్ రేటు. వందేళ్ల తర్వాత జరిగే 100 డాలర్ల నష్టం, ఏటా 1.4 శాతం చొప్పున తగ్గిస్తే ఇవాళ్టి లెక్కలో సుమారు 25 డాలర్లు. అదే 5.5 శాతం వేస్తే అర డాలర్ కూడా కాదు. 2006లో బ్రిటన్ ప్రభుత్వం కోసం నికోలస్ స్టెర్న్ రాసిన నివేదిక మొదటి అంకెకి దగ్గర, అప్పటి నార్డ్‌హాస్ రెండోదానికి దగ్గర. ఒకరు "ఇప్పుడే భారీగా ఖర్చుపెట్టాలి" అన్నారు, ఇంకొకరు "నెమ్మదిగా పెంచుకుంటూ పోదాం" అన్నారు. ఇద్దరి ఫిజిక్స్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంకా పుట్టని మనవళ్ల కష్టాన్ని మనం ఎంతగా లెక్కలోకి తీసుకోవాలి, మనకంటే ధనవంతులు కాబోయేవాళ్ల కోసం ఇవాళ ఎంత వదులుకోవాలి, తేడా అక్కడ ఉంది. అది లెక్కల ప్రశ్నా, నీతి ప్రశ్నా? నన్నడిగితే నీతి ప్రశ్నే, లెక్క వేషం వేసుకుంది.

ఇక నష్టం అంచనా. డైస్ 2016 రూపంలో 3 డిగ్రీలు వేడెక్కితే ప్రపంచ ఉత్పత్తిలో 2 శాతానికి కాస్త పైన నష్టం, 6 డిగ్రీలకి 8.5 శాతం. ఇప్పుడిది ఆలోచించండి: గత మంచుయుగం చల్లదనానికీ పరిశ్రమల ముందు కాలానికీ మధ్య తేడా 5 నుంచి 7 డిగ్రీలు. అంత మార్పుకి మన సంపదలో పదో వంతు కూడా పోదంటే నాకు మింగుడుపడదు, చాలామంది శాస్త్రవేత్తలకీ పడలేదు. ఈ మధ్య వచ్చిన అంచనాలు ఎక్కువ నష్టమే చూపిస్తున్నాయి.

మోడల్ సరిగ్గా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

గతాన్ని నడిపి చూస్తారు. 1850 నుంచి మొదలుపెట్టి, జరిగిన వేడిమి మార్పు వస్తుందో లేదో చూడటం. కానీ జవాబు ముందే తెలిసిన పరీక్ష కాబట్టి దానికి నేను పూర్తి మార్కులు వేయను.

ముందే చెప్పి నెగ్గిన సందర్భాలు ఎక్కువ నమ్మకం ఇస్తాయి. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలి కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ని పైకి ఎగజిమ్మింది. అమెరికా నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ బృందం వెంటనే మోడల్ నడిపి, భూమి తాత్కాలికంగా సుమారు అర డిగ్రీ చల్లబడుతుందని రాసింది. 1992లో దాదాపు అంతే చల్లబడింది. అదే హాన్సెన్ 1988లో మూడు దారులతో భవిష్యత్తు గీశాడు. నిజంగా జరిగిన వేడి ఆయన మధ్య దారి కంటే కొంచెం తక్కువ వచ్చింది. కొంత కారణం ఆయన మోడల్ కార్బన్ డయాక్సైడ్ రెట్టింపుకి 4 డిగ్రీల పైన చూపడం, కొంత మనుషులు ఆయన అనుకున్న దానికంటే కొన్ని వాయువుల్ని తక్కువ వదలడం.

మరి ఘోరంగా తప్పినవి?

ఉన్నాయి, వాటి గురించి మాట్లాడకపోవడం మంచిది కాదు. అన్నింటికంటే పెద్దది ఓజోన్ రంధ్రం. ఫ్రిజ్‌ల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్‌ని తింటాయని రసాయన శాస్త్రవేత్తలు మోలినా, రోలాండ్ 1974లో చెప్పారు, మోడళ్లు నెమ్మదిగా కొన్ని శాతాల తగ్గుదల చూపించాయి. 1985లో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే వాళ్లు నేల మీది పరికరంతో కొలిచి, అంటార్కిటికా మీద వసంతంలో ఓజోన్ భారీగా కూలిపోయిందని ప్రకటించారు. ఏ మోడలూ దాన్ని ముందు చెప్పలేదు. ఉపగ్రహం కూడా ఆ తక్కువ అంకెల్ని పంపింది, కానీ అంత తక్కువ ఉండదులే అని వాటికి అనుమానం గుర్తు పెట్టి పక్కనుంచారు! తర్వాత తేలిందేంటంటే, ధ్రువం మీది మంచు మబ్బుల రేణువుల ఉపరితలం మీద జరిగే రసాయన చర్య మోడళ్లలో అసలు లేనే లేదు. లేనిదాన్ని మోడల్ ఎలా చూపిస్తుంది? మోడల్ పొరపాటు ఎప్పుడూ "ఎక్కువ భయపెట్టడం" వైపే ఉంటుందనేవాళ్లకి ఇది గుర్తుచేయండి.

రెండోది సౌర విద్యుత్తు. 2010 నుంచి పదేళ్లలో దాని ఖర్చు 80 శాతానికి పైగా పడిపోయింది. చాలా మోడళ్లు దాన్ని ముందు పట్టుకోలేకపోయాయి. మరోవైపు, 2 డిగ్రీల లోపు ఉంచే దారుల్లో చాలావాటిని చెట్లు పెంచి, కాల్చి, ఆ పొగలోని కార్బన్‌ని భూమిలో పాతిపెట్టే పద్ధతి మీద నిలబెట్టారు. అది పెద్ద ఎత్తున ఎక్కడా నడవడం లేదు. కాగితం మీద ఖర్చు తక్కువ కాబట్టి మోడల్ దాన్ని ఎంచుకుంది, అంత నేల ఎక్కడి నుంచి వస్తుందో అడగాల్సింది మనుషులు.

నిజంగా ఎవరికైనా ఉపయోగపడిందా?

యూరప్ ఆమ్ల వర్షం కథ పెద్దగా ఎవరూ చెప్పుకోరు. ఒక దేశం పొగగొట్టాల గంధకం ఇంకో దేశం చెరువుల్లో చేపల్ని చంపుతుంటే, ఎవరు ఎంత తగ్గించాలి? 1980లలో ఐఐఏఎస్ఏ వాళ్లు రెయిన్స్ అనే మోడల్ కట్టారు. ఏ దేశం నుంచి ఎంత గంధకం ఎక్కడ పడుతోంది, అక్కడి నేల ఎంత ఓర్చుకోగలదు, తగ్గించడానికి ఎక్కడ ఖర్చు తక్కువ, ఈ మూడూ అందులో ఉన్నాయి. అందరూ ఒకే శాతం తగ్గించాలనే మొండి లెక్క వదిలేసి, 1994 ఓస్లో ఒప్పందంలో దేశానికో లక్ష్యం పెట్టుకున్నారు. మాటలాడుకునే దేశాలన్నీ ఒకే మోడల్‌ని ఒప్పుకోవడం అసలు విజయం అనిపిస్తుంది నాకు.

ఇన్ని మోడళ్లెందుకు? మంచిదొకటి ఉంచుకుంటే సరిపోదా?

ఏది మంచిదో తెలిస్తే అలాగే చేసేవాళ్లు. శీతోష్ణస్థితి మోడళ్లు భూమిని సుమారు 100 కిలోమీటర్ల గళ్లుగా కోస్తాయి, మబ్బు అంతకంటే చాలా చిన్నది. కాబట్టి మబ్బుల్ని ఒక్కొక్కరు ఒక్కో ఉజ్జాయింపుతో పెడతారు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపు అయితే ఎంత వేడి అన్న ప్రశ్నకి 1979లో జూల్ చార్నీ కమిటీ 1.5 నుంచి 4.5 డిగ్రీలు అంది. 2021లో ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు సంఘం ఐపీసీసీ దాన్ని 2.5 నుంచి 4కి కుదించింది. ఒక తరం మొత్తం పనిచేస్తే వచ్చిన కుదింపు అది. ఆ మధ్యలో కొన్ని కొత్త మోడళ్లు 5 డిగ్రీల పైన కూడా చూపించాయి, పాత కాలపు ఆధారాలతో పోల్చి వాటికి ప్రాధాన్యం తగ్గించారు. ఒకే మోడల్ ఉండి, అదే ఆ వేడి మోడల్ అయ్యుంటే?

ఐపీసీసీ మోడల్ అంటారు, అదేది?

అలాంటిది లేదు. 1988లో ఏర్పడిన ఐపీసీసీ సొంతంగా మోడళ్లు నడపదు, ప్రపంచమంతా ప్రచురించినవాటిని చదివి బేరీజు వేస్తుంది. 2022 నివేదిక కోసం ఇలాంటి 1,202 దారుల్ని అవి చూపే వేడిని బట్టి వర్గాలుగా విడగొట్టారు.

ఏఐ వచ్చాక ఇవన్నీ పాతబడిపోతాయా?

రోజువారీ వాతావరణంలో ఏఐ ఇప్పటికే అదరగొడుతోంది. వందేళ్ల లెక్కలో మాత్రం ఒక ఇబ్బంది: ఏఐ నేర్చుకునేది గతం నుంచి, మనం వెళ్తున్నదేమో గతంలో కొలిచి పెట్టుకోని చోటికి. అందుకని వారాల తరబడి సూపర్ కంప్యూటర్ తినే పెద్ద మోడళ్లకి త్వరగా నడిచే నకళ్లు తయారుచేయడానికి, మబ్బుల్లాంటి ముక్కల్ని నింపడానికి ఎక్కువగా వాడుతున్నారు.

మోడల్‌ని తమకి కావలసినట్టు వంచుకోవచ్చా?

వంచొచ్చు. ఎవరూ అబద్ధం రాయనక్కర్లేదు, డిస్కౌంట్ రేటు అర శాతం జరిపితే చాలు. కాబట్టి అంకె చూడగానే మూడు సంగతులు అడగండి: ఏ దారి మీద నడిపారు, ఏది మారదని ముందే అనుకున్నారు, ఇంకో మోడల్ ఇదే ప్రశ్నకి ఏం చెప్పింది. ఒకే ఒక్క అంకె ఇచ్చి ఎంత నుంచి ఎంత దాకా అన్నది చెప్పనివాళ్లని నేనైతే అక్కడే వదిలేస్తాను.

నేను ఇంట్లో కూర్చుని నడపగలనా?

హాయిగా. ఎన్-రోడ్స్ అనేది బ్రౌజర్‌లోనే ఉచితంగా తెరుచుకుంటుంది, మీటలు జరిపితే రెప్పపాటులో 2100 వేడి మారుతుంది. ముందు అందులో మీకు బాగా ఇష్టమైన పరిష్కారం మీట ఒక్కటే చివరిదాకా లాగి చూడండి, వేడి ఎంత తక్కువ తగ్గుతుందో చూసి చాలామంది కంగుతింటారు. తర్వాత డైస్ స్ప్రెడ్‌షీట్. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తే ఫెయిర్ అనే చిన్న శీతోష్ణస్థితి మోడల్ ఉంది, వరల్డ్3ని కూడా పైథాన్‌లో తిరగరాసి పెట్టారు. జీక్యామ్ కోడ్ మొత్తం బయటే ఉంది, కానీ అందులోకి మొదటి రోజే దిగకండి, దాని డేటా ఫైళ్లు చూసి పారిపోతారు.

ఒక్క జాగ్రత్త. కొన్ని మోడళ్లు టన్నుల కార్బన్‌లో లెక్కకడతాయి, కొన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్‌లో. ఒక టన్ను కార్బన్ అంటే 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్. నేను మొదటిసారి డైస్‌తో ఆడుకున్నప్పుడు ఈ తేడా చూసుకోక, ప్రపంచం ఉడికిపోతున్నట్టు గ్రాఫ్ వస్తే తెల్లవార్లూ తప్పు సమీకరణంలో ఉందనుకుని వెతికాను. గ్రాఫ్ విచిత్రంగా వస్తే ముందు యూనిట్లు చూసుకోండి.